గంజి చొక్కాల జట్టు

నేను చెప్పే కథల్లో నిజమెంత, గంజి ఎంత అని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే అడగడం మొదలుపెట్టింది. ఇంకా అడుగుతూనే ఉంది. నేతగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. గంజి పట్టించని నూలు మగ్గం మీద నాలుగు దెబ్బలకే తెగుతుందని ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాను. మాటయినా అంతే అనుకుంటాను. పోయిన నెల ఒంటిమిట్టకు వెళ్ళి వస్తూ కడపలో దిగి, ఒకప్పుడు మా ఊళ్ళో డ్రిల్లు మాస్టరుగా చేసిన బెంజిమెన్ సార్‌ను చూడబోయాను. ఎనభై దాటిన ఆ మనిషి పడక్కుర్చీలోంచి కళ్ళు చికిలించి చూసి, ఆరోగ్యం సంగతి కాదు, పిల్లల సంగతి కాదు, మొదట అడిగింది ఇదే: "ఏమిరా గోలీ, ఇంకా అబద్ధాలు చెప్తాండావా?" చెప్తూనే ఉన్నాను సార్ అన్నాను. "మంచిది. ఆదోని ఆట ఇప్పుడు ఎంతదాకా వచ్చింది?" "మొన్న టీ కొట్టు దగ్గర ఐదు గోల్స్ దాకా వచ్చింది సార్." ఆయన ఎంత నవ్వాడంటే, దగ్గుతెర వచ్చిందేమోనని వాళ్ళమ్మాయి లోపలి నుంచి నీళ్ళ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నానే గానీ, మైదుకూరు ఎప్పుడు దాటిందో నంద్యాల ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఆ ఏడాది ఒక్కటే కళ్ళ ముందు ఆడుతూ ఉంది.

మాది ఎమ్మిగనూరులో నేతపేట. తెల్లారక ముందే వీధి పొడుగునా పడుగు సాగదీసేవాళ్ళు. ఈ కొస నుంచి ఆ కొస దాకా వందల పోగులు బిగిసి నిలబడితే, ఆడా మగా చెరో పక్క నిలబడి గంజి అద్దుతూ, పెద్ద కుంచెలతో దువ్వుతూ పోయేవాళ్ళు. పులిసిన గంజి వాసన, రంగు బానల ఘాటు, మగ్గం గుంతలోని తడి మట్టి వాసన, వీటన్నిటి మీదుగా వంటింట్లోంచి మా అవ్వ బొరుగుల ఉగ్గానికి పెట్టిన తిరగమోత తేలి వచ్చిందంటే మాకు తెల్లారినట్టు. ఇంటికి పెద్ద మా పెదనాయన చౌడప్ప. ఆయనకొక అలవాటుండేది. చుట్టం వచ్చినా, బిచ్చగాడు వచ్చినా, మాట కలిపే ముందు చొక్కా కొసో పంచె కొసో రెండు వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. గుడ్డను బట్టి మనిషిని చెప్పేస్తాడని పేటంతా నమ్మకం. ఒకసారి ఊరికొచ్చిన ఒక పెద్ద ఆఫీసరు చొక్కా నలిపి, "ఈయప్ప మాట ఇంట్లో చెల్లదు" అన్నాడనీ, పక్కనే ఉన్న ఆఫీసరు గారి డ్రైవరు అది విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడనీ నేను చెబుతుంటాను. మీరు నమ్మనక్కర్లేదు.

ఆ పెదనాయనే నేతపేట ఫుట్‌బాల్ సంఘానికి ప్రెసిడెంటు. నూలుకు రంగులద్దే ఖాదర్ సాబు సెక్రటరీ. కమిటీలో ఉన్నవాళ్ళెవరూ జీవితంలో బంతిని తన్నినవాళ్ళు కారు. అయినా సంఘమంటే వాళ్ళకు చౌడమ్మ జాతరంత భక్తి. జాతరలో అమ్మవారి పల్లకీకి వీధికొక భుజం చొప్పున పట్టాలని మా పేట కట్టుబాటు. ఏ వీధినైనా మరిచారో, ఆ వీధివాళ్ళు ఏడాది పాటు మాట్లాడరు. మా పేటలో పదకొండు వీధులు. ఫుట్‌బాల్‌కు పదకొండు మంది. అమ్మవారే లెక్క కుదిర్చి పెట్టిందని కమిటీ మురిసిపోయి, జట్టుకు కూడా వీధికొకణ్ణి తీసుకునేది. కండెల వీధిలో ముగ్గురు చిరుతల్లాంటి కుర్రాళ్ళుంటే ఇద్దరు గట్టు మీద కూర్చునేవాళ్ళు. పూసల వీధిలో ఆటాడే వయసువాడు ఒక్కడే ఉంటే, వాడికి సాయంత్రం ఆరు దాటితే కళ్ళు కనబడకపోయినా, వాడే మా లెఫ్ట్ బ్యాకు. మా వీధి వాటాగా నేను గోల్ కాసే గోలీనయ్యాను. పరుగెత్తడమంటే గిట్టనివాడికి ఆ ఆటలో అదొక్కటే ఉద్యోగం.

అలాంటి సంఘానికి మేనేజరుగా వచ్చాడు బెంజిమెన్ సార్. ఆదోని జట్టుకు మేనేజరు ఉన్నాడని విని, మనకెందుకు లేడని రోషం తెచ్చుకుని కమిటీయే ఆయన్ను పట్టుకొచ్చింది. జమ్మలమడుగు పక్క పల్లె ఆయనది. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి బడిలో చదువుకుని, మా ఊరి స్కూలుకు డ్రిల్లు మాస్టరుగా వచ్చి, ఊరి ఆ చివర స్కూలు వెనక గదిలో ఒక్కడే ఉండేవాడు. మొదటి రోజు మా ఇంటి అరుగు మీద కూర్చోగానే పెదనాయన ఆయన చొక్కా కొస నలిపి, చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. "మిల్లు గుడ్డ," అన్నాడు. సార్ ఏమీ తగ్గలేదు. "ఔనన్నా, చెమటకు తొందరగా ఆరుతాది," అన్నాడు. అక్కడే మొదలయింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి కాగానే సార్ మా అరుగు మీదికి వచ్చేవాడు. కమిటీకీ ఆయనకూ మాట పెరిగేది.

"వీధికొకడు అంటే జట్టు కాదు చౌడప్పన్నా, ఊరేగింపు!"

"ఊరేగింపుకే మా ఊర్లో వెయ్యి మంది వస్తారు సారూ. నీ ఆటకు ఎంతమంది వస్తాండారు?"

"గెలిస్తే వస్తారు."

"మా వీధోణ్ణి తీసేసి గెలిస్తే మేమెందుకు వస్తామప్పా?"

అవ్వ లోపలి నుంచి ఉగ్గాని గిన్నెలూ మిరపకాయ బజ్జీలూ తెచ్చి మధ్యలో పెట్టేది. "తిట్టుకునేది ఉంటే తిన్నాక తిట్టుకోండి, ఆరిపోతాండాది," అనేది. సార్ గిన్నెలో బజ్జీ ఒకటి ఎక్కువుండేది. పెదనాయన చూసి, "యాల, ఆయప్పకు రెండు?" అంటే, "మీరు నలుగురు, ఆ బిడ్డ ఒక్కడు," అనేది.

మాటలతో పని కాదని సార్‌కు తెలిసింది. అరుగు వదిలేసి వంటిళ్ళ వైపు నుంచి వచ్చాడు. కండెల వీధి కుర్రాళ్ళ అమ్మలను కలిసి, మీ పిల్లోణ్ణి నాలుగు నెలలు మేనమామ ఇంట్లో పెట్టండమ్మా, ఆ వీధి వాటాలో ఆడతాడు అని నచ్చజెప్పాడు. మేనమామ ఇంటికి మేనల్లుడు పోతే ఎవరేమంటారు? నెల తిరిగేసరికి మా పేటలో ఒక చిన్న వలస జరిగిపోయింది. మంచి ఆటగాడికల్లా ఏదో ఒక వీధిలో మామ దొరికాడు. లెఫ్ట్ బ్యాకు కుర్రాడు సంతోషంగా మగ్గం దగ్గరికి వెళ్ళిపోయాడు. జట్టు గెలవడం మొదలుపెట్టింది. కమిటీ, తన కట్టుబాటు వల్లే ఇదంతా అని మీసాలు దువ్వుకుంది.

పాపం బయటపడింది ఓబులేసు వల్ల. మా సెంటర్ ఫార్వర్డు వాడు. పూసల వీధిలో మామ ఇంట్లో దిగాడు. ఆ మామకు పెళ్ళీడు కూతురుంది. మేనల్లుడు మూటాముల్లె సర్దుకుని తనంతట తాను ఇంటికి వస్తే ఏ మామయినా ఏమనుకుంటాడు? ఒక ఆదివారం ఆయన తమలపాకులు, వక్కలు పళ్ళెంలో పెట్టుకుని మా అరుగు మీదికి వచ్చి, నిశ్చితార్థానికి కమిటీని పిలిచాడు. ఓబులేసును పిలిపించారు. వాడు బిక్కచచ్చి, "నేను పెండ్లికి రాలేదు మామా, ఫార్వర్డు ఆడేకి వచ్చినా," అనేశాడు.

ఖాదర్ సాబు నవ్వు ఆపుకోలేక రంగు బానల చాటుకు పోయాడు. పెదనాయనకు మాత్రం నవ్వు రాలేదు. అంత కోపంలో ఆయన్ను నేనెప్పుడూ చూడలేదు. గొంతు పెంచలేదు, అందుకే ఇంకా భయం వేసింది. "మమ్మల్ని ఎర్రోళ్ళను చేసినావు సారూ. సరే. ఆదోనిలో కప్పు ఆట ఉండాది గదా. గెలిచి రా. గెలవకుంటే మల్ల మా అరుగెక్కొద్దు, కడప బస్సెక్కు. ఇంగొకటి. ఆ రోజు మీ నైలాను బనియన్లు కాదు, మా పేట గుడ్డ కట్టి ఆడాల."

"సరే అన్నా," అన్నాడు సార్. "మీ గుడ్డే కడ్తాం. కప్పు రాకుంటే పోతా." ఆ రోజు ఉగ్గాని తినకుండా లేచి వెళ్ళిపోయాడు. అవ్వ ఆ గిన్నె తీయకుండా చీకటి పడేదాకా అలాగే మూత పెట్టి ఉంచింది. మా జట్టుకు దిగులు పట్టుకుంది. కప్పు కోసం కాదు. మమ్మల్ని తిట్టినవాళ్ళున్నారు, కొట్టినవాళ్ళున్నారు గానీ, నీకిది బాగా వస్తుందిరా అని చెప్పినవాడు అంతవరకు ఆయనొక్కడే.

కమిటీ చొక్కాల పని మొదలుపెట్టింది. పోగు పెదనాయన ఏరాడు. రంగు ఖాదర్ సాబు అద్దాడు, కుంకుమ ఎరుపు. "నా రంగు ఖబరస్తాన్ దాకా వస్తాది గాని పోదు," అన్నాడు. చేతుల చివర పసుపు అంచు కూడా వేశారు, మంచి చీరకు వేసినట్టు. ఇక గంజి. మంచి గుడ్డ అంటే నిలబడాలని మా పెద్దల లెక్క. పెళ్ళికొడుక్కి పెట్టే పంచెకు కూడా అంత గంజి పెట్టరు. దూది లారీ మీద ఆదోని చేరి, చెట్టు కింద బట్టలు మార్చుకుంటుంటే, నా చొక్కా తీసి నేల మీద పెట్టాను. అది పడుకోలేదు. చేతులు చాచుకుని నిలబడే ఉంది. ఆదోని కుర్రాడొకడు దాంతో చేతులు కలిపి వెళ్ళాడు.

వేసవి ఎండ. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. ఆట మొదలైన కాసేపటికే మాకు అర్థమైంది, మేం ఆదోని వాళ్ళతో కాదు, మా చొక్కాలతో ఆడుతున్నామని. ఓబులేసు ఛాతీతో బంతి ఆపితే తలుపు తట్టిన చప్పుడు వచ్చింది. పరుగెత్తితే చంకలు ఒరుసుకుపోయి రక్తం చిమ్మింది. బంతి ఒకటి నా తల మీదుగా, మామూలుగా అయితే మూతి తుడుచుకుంటూ పట్టేంత నిదానంగా వచ్చింది. నేను చేతులెత్తాను. చొక్కా ఎత్తనివ్వలేదు. గోల్.

సగం ఆట కాగానే నీళ్ళ తొట్టి దగ్గర కూలబడ్డాం. ఓబులేసు సార్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

"సార్, సంచిలో పాత బనియన్లు ఉండాయి. మార్చుకుంటాం సార్."

"మాటిచ్చినాను రా అబ్బీ."

"మాటిచ్చింది మీరు, చంకలు కోసుకపోతాండేది మావి!"

సార్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆయన ఊళ్ళో ఉంటాడో పోతాడో ఆ సంచిలో ఉంది. ముడి విప్పితే గెలవచ్చు. విప్పలేదు. అప్పుడు గట్టు మీద నుంచి కమిటీ దిగి వచ్చింది. పెదనాయన నా భుజం మీది గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపాడు. చంక దగ్గర రక్తపు మరక చూశాడు. 

"గంజి శానా ఎక్కువైంది," అన్నాడు.

పేట మొత్తానికి గంజి పాకం చూసి చెప్పే మనిషి నోటి నుంచి ఆ మాట విని ఖాదర్ సాబు తలపాగా సర్దుకున్నాడు. "పోనీలే అన్నా, ఆ బనియన్లే ఏసుకోనీ పిల్లోళ్ళను."

"గుడ్డ దించేది లేదు. గంజి దించుదాం. ఇప్పండి రా!"

పంచె ఎగ్గట్టి తొట్టి పక్కన కూర్చున్నాడు. కమిటీ అంతా కూర్చుంది. ఊళ్ళో నలుగురు ఎదురైతే లేచి నిలబడే పెద్దమనుషులు, పదకొండు చొక్కాలను నీళ్ళలో ముంచి పిసకడం మొదలుపెట్టారు. సార్ కాసేపు చూసి, తనూ ఒక చొక్కా తీసుకుని బండకేసి బాదాడు. "అట్ల కాదప్పా!" అని పెదనాయన అరిచాడు. "నీ పాసుగాల, గుడ్డను కొట్టొద్దు. పిసుకు. పోగు పోగుకూ నీళ్ళు తాగల్ల." మేనేజరుకు కమిటీ చెప్పిన మాటల్లో, ఆయన మారుమాట్లాడకుండా విన్నది నాకు తెలిసి అదొక్కటే. రిఫరీ ఈల ఊదాడు. "కొంచెం ఆగప్పా, పిండుతాండాం!" అన్నాడు ఖాదర్ సాబు. ఇంకో ఈల. "నీ ఈల మింగినట్లుండాది, ఆగమంటే!"

తడి చొక్కాలతో దిగాం. ఖబరస్తాన్ దాకా రావాల్సిన రంగు సెంటరు గీత దాకా కూడా రాలేదు. మెడ నుంచి మోకాళ్ళ దాకా ఎర్రగా కారుతున్న మమ్మల్ని చూసి ఆదోని వాళ్ళు ఒక్క క్షణం వెనక్కి తగ్గారు, ఇది మాత్రం నిజం. ఆ ఎండలో వాళ్ళ నైలాను ఒంటికి అతుక్కుని మాడ్చేస్తుంటే, మా నూలు గుడ్డ తడితో చల్లగా, మెత్తగా, అమ్మ కొంగు కప్పుకున్నట్టు ఉంది. ఓబులేసు గోల్ కొట్టాడు. నేను ఆపిన బంతుల సంగతి రాయను. రాస్తే పుస్తకం చాలదు. గట్టు మీద కమిటీ పెద్దలు, మోచేతుల దాకా ఎర్రటి చేతులు ఊపుతూ, ఎవరి వీధి వాడి పేరు వాళ్ళు కాదు, అందరి పేర్లూ అరుస్తున్నారు. టీ కొట్టు దగ్గరయితే ఇక్కడి నుంచి వరసగా గోల్స్ పడతాయి. కాగితం మీద రాస్తున్నాను కాబట్టి ఉన్నది చెబుతాను. ఆట ముగిసే ముందు బంతి ఒకటి నేల నెర్రెలో తగిలి మలుపు తిరిగి నా కాళ్ళ పక్క నుంచి పోయింది. ఓడిపోయాం.

 మరునాడు తెల్లవారుజామున మా వీధిలో పడుగు వేసి ఉంది. పెదనాయన కుంచె పట్టుకుని దువ్వుతున్నాడు. చేతులకు ఎరుపు ఇంకా వదల్లేదు. ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని సార్ వచ్చాడు.

"మాట ప్రకారం పోతాండా చౌడప్పన్నా. చెప్పిపోదామని వచ్చినా."

పెదనాయన తలెత్తలేదు. పడుగు మీద తడి ఉండగా ఎవరి కోసమూ ఆగే ఆచారం మా పేటలో లేదు. ఎదురైన మనిషి ఎవరైనా చెయ్యి కలపాల్సిందే. "మాట్లాడించొద్దు, ఆరిపోతాది. ఆ కొస పట్టుకో," అన్నాడు. సార్ పెట్టె దించి కొస పట్టుకున్నాడు. ఎండ వీధిలోకి దిగింది. కడప బస్సు హారను మోగించుకుంటూ బజారు దాటి వెళ్ళడం అందరికీ వినబడింది. ఎవరూ విననట్టే ఉన్నారు.

పడుగు ఆరాక పెదనాయన అరుగు మీద కూర్చుని, "ఇంగ చెప్పు. ఆట యాడ చెడింది?" అన్నాడు.

"ఆటలో చెడలేదన్నా. పిల్లోళ్ళను మామల ఇండ్లల్లో దాచి ఆడించాల్సి వచ్చింది సూడు, ఆడ చెడింది."

"అయితే నువ్వే ఏరు. ఎవరెవరు?"

సార్ పదకొండు పేర్లు చెప్పాడు. ముగ్గురు కండెల వీధివాళ్ళే, అందులో ఓబులేసును పూసల వీధి లెక్కలో వేసుకున్నారు. ఖాదర్ సాబు ముఖం వాడిపోయింది. "మా రంగుల వీధి నుంచి ఒక్కడూ లేడు సారూ. పీర్ల పండగకు మా గడప దాటేసి పోయినట్ల. మా వీధోళ్ళకు నేనేం మొగం చూపించల్ల?"

అందరూ సార్ వైపు చూశారు. ఏదో ఒక పేరు తీసేసి రంగుల వీధివాణ్ణి ఒకణ్ణి పెడితే అయిపోయేది. సార్ ఖాదర్ సాబు వైపు తిరిగాడు.

"మీ వీధిలో బాడుగకు ఇల్లు దొరుకుతాదా సాబ్?"

"మా ఎనకిల్లు ఖాళీగానే ఉండాది. ఎవరికి?"

"నాకు. మేనేజరు కూడా జట్టులోనోడే గదా. మీ వీధి వాటా నేను."

ఖాదర్ సాబు "క్యా బాత్ హై!" అన్నాడు. అవ్వ గిన్నెలు తెచ్చి పెట్టింది. సార్ గిన్నెలో బజ్జీలు ఎన్నున్నాయో ఆ రోజు ఎవరూ చూడలేదు.

ఆ రంగుల వీధి ఇంట్లోనే సార్ రిటైరయ్యేదాకా ఉన్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతుర్ని పెంచాడు. క్రిస్మస్‌కు ఆయన చేసే కేకు కోసం పదకొండు వీధులూ వచ్చేవి. ఓబులేసుకు పూసల వీధి మామ చివరికి కూతుర్నిచ్చాడు, ఇప్పుడు మనవలున్నారు, ఒకడు ఎడమ కాలితో బాగా తంతాడు. నేనూ ఇప్పుడు కమిటీలోనే ఉన్నాను. కొత్త కోచ్ చదువుకున్న కుర్రాడు, జట్టు పేర్లు ఫోన్లో పంపిస్తాడు. మేమంతా బొటనవేలు బొమ్మ పెడతాం. గొడవే లేదు. ఎంత హాయిగా ఉందంటే, పోయిన మ్యాచ్‌కు కమిటీలో ఒక్కడూ మైదానానికి వెళ్ళలేదు. కోచ్‌కు మా ఇల్లు ఎక్కడో తెలియదు, నాకు వాడు ఏం తింటాడో తెలియదు. మా మీద ఇద్దరు పెద్దవాళ్ళు అంతగా పోట్లాడుకున్నారంటే మేమెంత అదృష్టవంతులమో, అప్పుడు చంకలు మండుతూ ఉండటం వల్ల తెలియలేదు.

రంగుల వీధి ఇంటి మాట కుదిరిన ఆ పొద్దున ఉగ్గాని తిన్నాక సార్ పెట్టె కోసం వంగితే, పెదనాయన ముందే ఎత్తి తన తల మీద పెట్టుకున్నాడు. "నేను మోస్తాలే అన్నా," అంటే, "గమ్మున రాప్పా. నువ్వు పెట్టె మోసుకుంటా పోతే కమిటీ ఎల్లగొట్టిందనుకుంటారు," అన్నాడు. ఇద్దరూ వీధికి అడ్డంగా ఆరేసిన నూలు కట్టల కింద వంగుకుంటూ రంగుల వీధి వైపు నడిచారు. సార్ పడుకోవడానికి మా ఇంటి మంచం ఒకటి నేను వెనక మోస్తున్నాను. మలుపు తిరగక ముందే వాళ్ళకు మళ్ళీ మాట పెరిగింది. వచ్చే ఏడు గోల్లో నన్ను ఉంచాలా తీసేయాలా అని. తీసేయమని చేతులూపుతూ అరిచింది మా సొంత పెదనాయన. తల మీది పెట్టె పడిపోబోతే సార్ పట్టుకుని నిలబెట్టి, "వాడు ఉంటాడన్నా," అన్నాడు.